ఆహారమే మందు అంటున్న గురువులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

కొర్రలు, సామలతో జబ్బులు తగ్గుతాయని చెప్పేవారు, అన్నం పూర్తిగా మాన్పించి కొబ్బరినూనె, వెన్న, మాంసం మీద నడిపించేవారు, పచ్చి కూరల రసాలతో, ఎనిమాలతో, ఉపవాసాలతో ఆశ్రమాలు నడిపేవారు, వారానికో ఆకు కషాయం మార్చి తాగించేవారు, ఈ లేఖ మీ అందరికీ. మీ పద్ధతులు ఒకదానికొకటి పొసగవు. ఒకరికి అమృతమైన నూనె ఇంకొకరికి విషం. అయినా ఒక మాట దగ్గర అందరూ కలుస్తారు: ఆహారమే మందు అంటారు. ఆ మాటతో మాకు తగవు లేదు. అయితే మందన్నాక మోతాదు ఉంటుంది, అది పడనివాళ్ళు ఉంటారు, ఇంకో మందుతో కలిస్తే వికటించే గుణం ఉంటుంది, ఎప్పుడు ఆపాలో చెప్పే గుర్తులుంటాయి. మీ డైట్ చార్టు మీద ఇవేవీ ఎందుకు ఉండవన్నదే మా ప్రశ్న.

మేము ఆసుపత్రుల్లో రోగుల భోజనం, డయాలసిస్, మందుల పంపిణీ చూసేవాళ్ళం. ఆహారానికి శక్తి లేదని అనే పక్షం మాది కాదు. ఆ శక్తి ఎంతో లెక్క తెలుసు కనకనే రాస్తున్నాం.

ముందు మీకు రావలసింది ఇచ్చేస్తాం. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ పరీక్ష ఫలితాలు 2017 డిసెంబరులో వచ్చాయి. టైప్-2 షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడని వారికి రోజుకు 825 నుంచి 853 కేలరీల ద్రవాహారం మూడు నుంచి అయిదు నెలలు ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ హద్దులో ఉంది. 15 కిలోలు, ఆపైన తగ్గినవారిలో అయితే 86 శాతం. రెండో ఏడు ముగిసేసరికి మొత్తం మీద 36 శాతానికి దిగింది. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపారు. ఆపింది వైద్య బృందం, పరీక్షలు చేస్తూ, పెరిగితే తిరిగి మొదలుపెట్టే నియమం ముందే రాసుకుని. మీ వేదికల మీద మొదటి సగం వినిపిస్తుంది, రెండో సగం వినిపించదు.

పిండిపదార్థం దాదాపు తీసేసి కొవ్వు మీద నడిపే కీటో ఆహారం కూడా నిన్న మొన్నటిది కాదు. మూర్ఛ ఉన్న పిల్లల కోసం 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ దాన్ని రూపొందించాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 145 మంది పిల్లల మీద లండన్‌లో చేసిన పరీక్షలో (2008), ఈ ఆహారం మీద పెట్టినవారిలో 38 శాతానికి మూడు నెలల్లో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మామూలు భోజనం మీద ఉన్నవారిలో ఆ మేలు 6 శాతానికే. దాన్ని ఎలా ఇస్తారో చూడండి. కొవ్వు నాలుగు గ్రాములైతే మాంసకృత్తులు, పిండిపదార్థం రెండూ కలిపి ఒక్క గ్రాము. వంటింట్లో గ్రాముల త్రాసు ఉండాల్సిందే. దగ్గు సిరప్‌లో ఉన్న చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. కాల్షియం, విటమిన్లు విడిగా ఇస్తారు. కిడ్నీలో రాళ్ళు, రక్తంలో కొవ్వులు ఎలా ఉన్నాయో చూస్తూ ఉంటారు. ఆహారాన్ని నిజంగా మందుగా వాడటమంటే ఇంత పని.

లంఖణం పరమౌషధం అని మీరు తరచూ అంటారు. చరక సంహిత జ్వరానికి మొదట లంఘనమే చెప్పిన మాట నిజం. ఆ శ్లోకమే క్షయం వల్ల, శ్రమ వల్ల, భయశోకాల వల్ల వచ్చిన జ్వరాలకు అది వద్దంటుంది. చిక్కిపోయినవాణ్ణి పస్తు పెట్టకూడదన్న జాగ్రత్త మన పాతవాళ్ళ దగ్గరే ఉంది. సామెత మిగిలింది, మినహాయింపు రాలిపోయింది.

ఇక వికటించే చోట్లకు వద్దాం. ముందు షుగర్, మీ దగ్గరికి ఎక్కువమంది వచ్చేది దానికే కాబట్టి.

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ మాత్రలు క్లోమాన్ని పిండి ఇన్సులిన్ వదిలిస్తాయి. మనిషి అన్నం తిన్నాడా, మానేశాడా అన్నది వాటికి పట్టదు. పొద్దున ఆ మాత్ర వేసుకుని, మీరు చెప్పారని పిండిపదార్థం ఇరవై ముప్పై గ్రాములకు కుదించినవాడికి సాయంత్రమో తెల్లవారుజామునో షుగర్ పడిపోతుంది. కిడ్నీ దెబ్బతిన్న పెద్దవాళ్ళలో గ్లిబెన్‌క్లమైడ్ ఒంట్లోంచి తొందరగా పోదు. గ్లూకోజు ఎక్కించి లేపినా కొన్ని గంటలకు మళ్ళీ పడుతుంది. చిక్కేమిటంటే తాము ఆ మందు వాడుతున్నట్టే చాలామందికి తెలియదు. మెట్‌ఫార్మిన్‌తో కలిపిన బిళ్ళ అట్ట మీద బ్రాండు పేరు పెద్దగా, లోపలి మందు పేరు చీమ తలకాయంత ఉంటుంది. ‘షుగర్ బిళ్ళ ఒకటి వేసుకుంటున్నానండీ’ అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. అట్టలు తెప్పించి వెనక చదవండి. ఈ రకం మాత్రను ఆపాలా, సగానికి తగ్గించాలా అన్నది డైట్ మొదలయ్యే రోజుకు ముందే డాక్టరు తేల్చాలి. పది రోజులయ్యాక చూద్దామంటే కుదరదు. 30/70 మిశ్రమ ఇన్సులిన్ వాడేవారి సంగతి ఇంకా తీవ్రం. పొద్దునా రాత్రీ భోజనం ఉంటుందన్న నమ్మకం మీదే ఆ సూది మోతాదు కట్టారు. భోజనం తీసేసి సూది అలాగే ఉంచితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

షుగర్ 70 కంటే తగ్గి చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి, ఇంకా తక్కువుంటే మళ్ళీ తాగాలి. డైట్ భంగమవుతుందని చక్కెర ముట్టకుండా కొబ్బరినూనె తాగేవారున్నారు. నూనె షుగర్‌ను లేపదు. ఈ ఒక్క వాక్యం మీ ప్రతి చార్టు మీదా ముద్రించవచ్చు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండో రకం మాత్రలు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. రెండింటికీ మన దేశంలో పేటెంటు గడువు తీరింది. ధర దిగింది, చీటీల్లో అవి మామూలైపోయాయి. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. వీటిని వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గించినా, ఉపవాసాలున్నా రక్తం ఆమ్లమయం కావచ్చు. ఆ స్థితిలో గ్లూకోమీటరు 160, 180 అని చూపిస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళు నిబ్బరంగా ఉంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో లోతుగా పీల్చే ఊపిరి మొదలైతే ‘ఒంట్లో విషాలు పోతున్నాయి, నాలుగు రోజులు ఓర్చుకోండి’ అన్న సలహా ఈ జబ్బులో ప్రాణం మీదికి తెస్తుంది. కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలే కీటోన్లు. మూత్రంలో ముంచే కీటోన్ పట్టీ ఇక్కడ నమ్మదగింది కాదు, అసలు పెరిగే కీటోన్‌ను అది కొలవదు. రక్తంలో కీటోన్లు 3 దాటాయంటే అది డైట్ ఫలించిన గుర్తు కాదు, ఎమర్జెన్సీ. ఈ ప్రమాదాన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఈ మాత్రలు ఆపిస్తారు. అంత జాగ్రత్త పడే మందు మీద మీరు ఉపవాసం పెట్టిస్తున్నారు.

ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని టైప్-1 షుగర్ పిల్లల విషయంలో అయితే చర్చే లేదు. ఇన్సులిన్ రాకముందు, 1910లలో, ఫ్రెడరిక్ అలెన్ అనే అమెరికన్ డాక్టరు ఆ పిల్లలకు పస్తుల వైద్యమే చేశాడు. కొన్ని నెలలు, కొందరికి ఏడాదీ రెండేళ్ళూ ప్రాణం నిలిచింది. ఎముకల గూళ్ళలా మారి, కొందరు జబ్బుతో కాక ఆకలితోనే పోయారు. ఆహారంతో ఆ జబ్బును నిలువరించే ప్రయోగం అప్పుడే ముగిసింది. 1922 జనవరిలో తొలి ఇన్సులిన్ సూది పడింది. సన్నగా ఉండి, బరువు తగ్గుతూ వచ్చిన పెద్దవాడిది కూడా ఇలాంటి షుగరే కావచ్చు. ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతుందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్ష చేయించకుండా అతని సూది ముట్టుకోవద్దు.

తర్వాత కిడ్నీ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల్లో ఈ జబ్బు ఎంత మందిని తింటున్నదో మీకు తెలియనిది కాదు. ఉద్దానమంటే కొబ్బరి తోటలు. ‘వేడి చేసింది, బోండాం తాగండి’ అన్న సలహా అక్కడ ఖర్చు లేనిది, అందుకే మరీ చేటు. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో దాదాపు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవారికి రోజంతటికీ కలిపి ఇచ్చే హద్దు రెండు, రెండున్నర వేలు. రెండు బోండాలు, ఒక అరటిపండు, ఒక గ్లాసు ఆకుకూరల రసం అయ్యేసరికి అన్నం దగ్గర కూర్చోకముందే ఆ హద్దు దగ్గరపడుతుంది. పొటాషియం 6.5 దాటితే గుండె లయ తప్పవచ్చు. అంతకుముందు ఏ సూచనా ఉండకపోవచ్చు కూడా. బీపీకి మంచిదని అమ్మే ‘తక్కువ సోడియం’ ఉప్పులో సోడియం తీసి పెట్టేది పొటాషియమే. దాన్ని ఈ రోగులకు చెప్పకండి. సైంధవ లవణం కూడా ఉప్పే.

కూరలు తినొద్దని కాదు మేమనేది. చెక్కు తీసి, చిన్న ముక్కలు తరిగి, గోరువెచ్చని నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి పారబోసి, మళ్ళీ ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళూ వంపేస్తే పొటాషియం చాలావరకు పోతుంది. రసం తీయడం దీనికి సరిగ్గా ఎదురుపని: పీచు పారేసి ఖనిజాలన్నీ గ్లాసులోకి తెచ్చుకోవడం. బూడిదగుమ్మడి రసంలో పొటాషియం తక్కువేనని మీరనవచ్చు. నీళ్ళ సంగతో? మూత్రం రాని మనిషికి లీటరు రసం అంటే ఒక కిలో బరువు, అది చేరేది కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి. ఇంకో మెలిక ఉంది. డయాలసిస్ వరకు రాని కిడ్నీ రోగికి మాంసకృత్తులు కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల దగ్గర ఉంచుతాం. డయాలసిస్ మొదలయ్యాక అదే మనిషికి 1 నుంచి 1.2 గ్రాములకు పెంచాలి, ఎందుకంటే ప్రతి విడతలోనూ కొంత యంత్రంలోకి పోతుంది. ‘కిడ్నీ డైట్’ పేరుతో ఒకే కాగితం అందరికీ పంచేవారు ఈ రెండో గుంపును ఎండగడుతున్నారు.

పాలకూర పచ్చి రసం గురించి కూడా ఇక్కడే. వంద గ్రాముల ఆకులో ఆక్సలేట్ అయిదారువందల మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. రాళ్ళు పడే శరీరమున్నవారిని రోజుకు వందలోపు ఉండమంటాం. రోజూ పెద్ద గ్లాసు పచ్చి రసం తాగి కిడ్నీలు పాడైన సంగతులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మన ఇళ్ళలో పాలకూరను ఉడికించి, పప్పులో వేసి, పెరుగన్నం తోడుగా తినేవారు. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. పాలకూర పప్పుకు ఏ గురువూ పేటెంటు తీసుకోలేదు, దానితో చిక్కూ లేదు.

గుండెలో కృత్రిమ కవాటం ఉండి, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వాడేవారు మీ శిబిరాలకు వస్తారు. ఆకుకూరల్లోని విటమిన్-కె ఆ మందుకు ఎదురు నిలుస్తుంది. ఉన్నట్టుండి రోజూ ఆకుపచ్చ రసం మొదలుపెడితే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే అంకె) దిగిపోయి కవాటం మీద గడ్డ కట్టవచ్చు. అలాగని ఆకుకూర పూర్తిగా మాన్పించినా తప్పే, అప్పుడు రక్తం మరీ పలచబడుతుంది. వారంలో ఎన్నిసార్లు, ఎంత తినేవారో అంతే తినాలి. మార్చాలనుకుంటే వారంలోపు ఐఎన్ఆర్ చూసి మోతాదు సరిచేయించాలి.

లివర్ సిరోసిస్ ఉన్నవారి చేత పదహారు గంటల ఉపవాసం చేయించకండి. ఆ లివర్ పిండి నిల్వ చేసుకోలేదు. రాత్రంతా ఏమీ తినకపోతే ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నంత పని అవుతుంది, ఒళ్ళు కండను కరిగించుకుంటుంది. వాళ్ళకు పడుకునే ముందు చిన్న పలహారం కావాలి, మాంసకృత్తులు కిలోకు 1.2 గ్రాములకు తగ్గకూడదు.

క్యాన్సర్ దగ్గర మా గొంతు కొంచెం గట్టిపడితే క్షమించండి. క్యాన్సర్ కణం చక్కెర తింటుంది కనక చక్కెర మాన్పిస్తే అది చస్తుందని చెబుతారు. కణితి గ్లూకోజును ఎక్కువ వాడుతుందని 1920లలోనే ఓటో వార్‌బర్గ్ చూపాడు. నిజమే. నోటికి చక్కెర మానినా రక్తంలో గ్లూకోజు ఆగదు, లివర్ కండను కరిగించి తయారుచేస్తుంది. ఎండిపోయేది రోగి. 50 కిలోల మనిషికి చికిత్సలో రోజుకు 1,250 నుంచి 1,500 కేలరీలు, 60 గ్రాముల మాంసకృత్తులైనా కావాలి. సొర, కీర, బూడిదగుమ్మడి రసాలు రెండు లీటర్లు తాగినా మూడు నాలుగు వందల కేలరీలకు మించవు. అదే రెండు గుడ్లు, అర లీటరు పాలు లేదా పెరుగు, వంద గ్రాముల పప్పు, రెండువందల గ్రాముల బియ్యం, మూడు నాలుగు చెంచాల నూనె రోజంతా ఆరు విడతలుగా పెడితే లెక్క సరిపోతుంది. గుడ్డు తిననివారికి పనీరు, వేయించిన శనగల పిండి, సోయా. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో పచ్చి రసం, బయట తరిగి అమ్మే పండ్ల ముక్కలు వద్దు, పేగుల్లోంచి ఇన్ఫెక్షను రక్తంలోకి పోతుంది.

చికిత్స మాని ప్రత్యామ్నాయాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో యేల్ విశ్వవిద్యాలయం వారు లెక్క తీశారు (2018). వేరే చోటికి పాకని రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తి, ప్రోస్టేటు క్యాన్సర్లతో ప్రత్యామ్నాయాన్నే ఎంచుకున్న 281 మందిని, మామూలు చికిత్స పొందిన 560 మందితో పోల్చారు. చనిపోయే ముప్పు మొత్తం మీద రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయిదున్నర రెట్లకు పైన. మంచి ఫలితాలొచ్చే దశలోనే తేడా ఇంత ఉంది. ఇక మీ వీడియోల్లో కనిపించే సాక్ష్యాలు. చాలావాటిలో ఆపరేషన్ ముందే అయిపోయి ఉంటుంది. గడ్డ తీసింది సర్జను, కీమో వద్దనుకుని రసం తాగింది ఆమె, పేరొచ్చింది రసానికి. ఆ కీమో అప్పుడు కనిపిస్తున్న గడ్డ కోసం కాదు, మూడేళ్ళకో అయిదేళ్ళకో తిరిగి రాకుండా. వీడియో తీసేది ఆరో నెలలో.

లక్ష్మణఫలం ఆకు కషాయం గురించి ఒక ముక్క. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండు, ఆకు ఎక్కువ వాడేవారిలో మందులకు లొంగని పార్కిన్సన్ తరహా జబ్బు కనిపించిందని 1999లోనే వైద్యులు రాశారు. అందులోని అనోనాసిన్ నరాల కణాలకు విషం. మొక్కలో మందు ఉండదని కాదు: బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ లేకుండా పిల్లల రక్త క్యాన్సర్ చికిత్స ఊహించలేం. పెద్దవాళ్ళకు కూడా ఒక విడతకు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, దాటితే నరాలు దెబ్బతింటాయి. పెరట్లో ఆకు నమిలేవాడికి ఆ కొలత ఎవరు చెప్పాలి? గాడిదగడపాకు జాతి మొక్కల్లోని అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీలను ఎండబెట్టి, మూత్రనాళంలో క్యాన్సర్ తెస్తుంది. బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో అది కలిసి ఎందరో ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి, 1993లో బయటపడింది. సొరకాయ రసం తీసేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. చేదుంటే కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయ రసంతో రక్తపు వాంతులై ప్రాణాలు పోయాకే భారత వైద్య పరిశోధన మండలి ఈ హెచ్చరిక ఇచ్చింది. కాకరరసంతో కలిపితే ఆ చేదు తెలియదు, కలపకండి.

ఇక ఏ డైట్‌లోనైనా మాన్పించకూడని మందులు: ఇన్సులిన్ మీదే బతికేవారి సూది, మూర్ఛ మాత్రలు, నెలల తరబడి వాడిన స్టెరాయిడ్లు, స్టెంట్ వేశాక ఇచ్చే రక్తం పలచబరిచే బిళ్ళలు, కిడ్నీ మార్పిడి తర్వాతివి, టీబీవి, హెచ్‌ఐవీవి, థైరాయిడ్ మాత్ర. స్టెరాయిడ్ ఉన్నపళంగా ఆపితే బీపీ కుప్పకూలుతుంది. మూర్ఛ మాత్ర ఆపితే ఆగని ఫిట్స్ రావచ్చు.

టీబీ విషయంలో మీరు చేయగల మేలు మేము చేయలేం. ఝార్ఖండ్‌లో జరిగిన ‘రేషన్స్’ అధ్యయనంలో (2023) రోగులకు మందులతో పాటు రోజుకు 1,200 కేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు వచ్చేలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చారు. ఇంట్లోవాళ్ళకూ సరుకులిచ్చిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు బాగా తగ్గాయి. ఆహారం ఇంత గెలిచిన చోట దాని గురించి మాట్లాడే గురువు ఒక్కరూ కనపడరు. మందు మానమని చెప్పే వీలు లేనందుకేమో.

జనం మీ దగ్గరికి ఎందుకొస్తున్నారో మాకు తెలుసు. మా ఓపీలో ‘ఉప్పు, తీపి తగ్గించండి’ అన్న రెండు మాటలతో పంపేస్తారు. మీరు గంటసేపు కూర్చోబెట్టి ఏం వండుకోవాలో చెబుతారు. ఆ లోపం మాది. క్యాన్సర్, షుగర్, మూర్ఛ, టీబీ సహా 54 జబ్బులను నయం చేస్తామని మందుల పేరుతో ప్రకటనలివ్వడం మందులు, మాయవైద్యాల ప్రకటనల మీద వచ్చిన 1954 చట్టం ప్రకారం నేరమన్న సంగతి గుర్తుచేయడంతో ఆగుతున్నాం, ఫిర్యాదులు రాయడం ఈ లేఖ ఉద్దేశం కాదు.

కోరేది ఇది. మీ తర్వాతి శిబిరంలో గేటు దగ్గరే ఒక బల్ల వేయించండి, ఒక నర్సునో ఫార్మసిస్టునో కూర్చోబెట్టండి. వచ్చినవారి బరువు తూచి, ఆరు నెలల క్రితం ఎంతుండేదో అడగమనండి. ఆరు నెలల్లో పదో వంతు దానంతటదే తగ్గినవారికి ఉపవాసం రాయకండి. బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమనండి. మూడు నెలల్లోపు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష), పొటాషియం రిపోర్టు లేనివారికి రసాల చార్టు ఇవ్వకండి. షుగర్ మాత్రల్లో పైన చెప్పిన పేర్లు కనపడితే, డాక్టరు సంతకంతో మోతాదు మార్చిన చీటీ వచ్చేదాకా ఆగమనండి. ఎప్పుడు డైట్ ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలో చార్టు వెనక పెద్ద అక్షరాల్లో వేయించండి: షుగర్ 70లోపు (స్పృహ ఉంటే ముందు చక్కెర నీళ్ళు తాగాకే), ఆగని వాంతులు, ఆయాసం, మగత, మూత్రం తగ్గడం, కాళ్ళ వాపు. పదో రోజున ఫోను చేసి కనుక్కునే మనిషి ఒకరుండాలి. మానేసినవారినీ, పోయినవారినీ కూడా అదే పుస్తకంలో రాయించండి.

బల్ల మీద గ్లూకోమీటరు, బీపీ మిషను, తూకం మిషను చాలు. ఒక భూతద్దం కూడా పెట్టండి, అట్టల వెనక అక్షరాలు చదవడానికి.

ఇట్లు,
ఆసుపత్రుల ఆహార, డయాలసిస్, ఫార్మసీ విభాగాల్లో పనిచేసే కొందరు